కోతి నోట్లో ఉండే ఫోమీ వైరస్ మన ఒంట్లోకి వస్తే ఏమవుతుంది?

గోదావరికి దక్షిణాన ఊళ్లలో తిరిగే కోతి వేరు, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే కోతి వేరు. అటువైపుది బోనెట్ కోతి. నడినెత్తి నుంచి చుట్టూ పరుచుకున్న జుట్టు, పొడుగాటి తోక. మనవైపుది రీసస్ కోతి. తోక పొట్టి, వెనక భాగం ఎర్రగా ఉంటుంది. దేశం తూర్పు వైపున ఈ రెండు జాతులకూ సరిహద్దు గోదావరే అని జంతుశాస్త్రం పుస్తకాల్లో ఉంటుంది. ఈమధ్య ఆ గీత చెరిగిపోతోంది, రీసస్ దక్షిణానికి దిగుతోంది. ఉద్దానం జీడితోటల్లో పడి పిందెలు తెంపేసేది, కొండ మీద గుడికి వెళ్తే చేతిలో అరటిపండు లాక్కుపోయేది ఎక్కువగా ఈ రీసస్సే.

ఏ జాతి కోతి అన్నది ఇక్కడ ముఖ్యం. ఎందుకంటే ఇదే రీసస్ జాతి కోతుల మధ్య బతుకుతున్న బంగ్లాదేశ్ జనంలో కొందరి రక్తంలో కోతి వైరస్ ఒకటి దొరికిందని 2013లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దాని పేరు సిమియన్ ఫోమీ వైరస్. హెచ్ఐవీకి దూరపు చుట్టం. రెండూ రెట్రోవైరస్‌లే, అంటే తమ జన్యువుల నకలును మన కణంలోని డీఎన్ఏలో కలిపేసి, ఆ కణం బతికున్నంతకాలం అక్కడే ఉండిపోయే రకం.

ఈ మాట విన్నాక ఎవరికైనా టెన్షన్ రావడం సహజం. కోతి నుంచి వచ్చే రెట్రోవైరస్, జీవితాంతం ఒంట్లోనే ఉంటుంది, మందు లేదు అని మూడు ముక్కలు వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి జిల్లా అంతా తిరుగుతుంది. ఆ మూడు ముక్కలూ అబద్ధం కాదు. కానీ వైరస్ ఒంట్లోకి చేరడం ఒకటి, దానివల్ల జబ్బు రావడం ఇంకొకటి, ఒక మనిషి నుంచి మరో మనిషికి పాకడం మూడోది. ఫోమీ వైరస్ విషయంలో ఈ మూడు ప్రశ్నలకూ మూడు వేర్వేరు జవాబులున్నాయి.

ఈ వైరస్ మొదట కనబడింది 1954లో. అమెరికాలో జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ అనే ఇద్దరు తట్టు వైరస్‌ని ప్రయోగశాలలో పెంచే పనిలో ఉన్నారు. పెంచడానికి కోతి కిడ్నీ నుంచి తీసిన కణాలు వాడేవారు. తీరా చూస్తే తాము ఏ వైరస్సూ వెయ్యని కణాలు కూడా ఒకదాంతో ఒకటి కలిసిపోయి, లోపలంతా బుడగలు కట్టి, నురగలా తయారై చచ్చిపోతున్నాయి. ఫోమీ అన్న పేరు ఆ నురగ వల్ల వచ్చింది. అది కోతి కిడ్నీలో ముందునుంచే దాక్కుని ఉన్న వైరస్. పోలియో టీకా తయారీకి కోతి కిడ్నీ కణాలే ఆధారంగా ఉన్న ఆ రోజుల్లో ప్రయోగశాలల వాళ్లకి దీంతో పెద్ద తలనొప్పిగా ఉండేది. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది 1971లో. కెన్యాకు చెందిన, ముక్కు వెనక భాగంలో క్యాన్సర్ వచ్చిన ఒక రోగి కణితి కణాల్లో ఫోమీ వైరస్ కనిపించింది. కనిపెట్టిన బృందంలో బర్ట్ అచాంగ్, ఆంథొనీ ఎప్‌స్టీన్ ఉన్నారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ని కనిపెట్టిన వాళ్లే వీళ్లు, కాబట్టి ఆ మాటకి బరువుండేది. మనిషిలో దొరికింది కనుక 'హ్యూమన్ ఫోమీ వైరస్' అన్నారు. ఇక అక్కడినుంచి పాతికేళ్లపాటు ఏ జబ్బుకి కారణం తెలియకపోతే ఆ జబ్బు దీని నెత్తిన రుద్దడం మొదలైంది. థైరాయిడ్‌కి సంబంధించిన గ్రేవ్స్ వ్యాధి, కండరాలు సడలిపోయే మయస్థీనియా గ్రావిస్, ఎప్పుడూ నీరసంగా ఉండే జబ్బు, మెదడు, నరాలు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్, ఇలా. ఈ వైరస్ జన్యువులు పెట్టిన ఎలుకల్లో మెదడు దెబ్బతిన్నదని 1991లో వచ్చిన ప్రయోగం అనుమానాన్ని ఇంకాస్త పెంచింది.

తర్వాత పరీక్షలు మెరుగుపడ్డాయి. పాత పరీక్షల్లో 'పాజిటివ్' వచ్చిన వాళ్ల రక్తాన్ని వైరస్ జన్యువుల్ని వెతికే పీసీఆర్‌తో, యాంటీబాడీల్ని వెతికే వెస్టర్న్ బ్లాట్‌తో మళ్లీ చూస్తే చాలావరకు ఏమీ లేదు. 1994లో చింపాంజీ ఫోమీ వైరస్ జన్యుక్రమాన్ని పూర్తిగా చదివితే, ఈ 'హ్యూమన్' వైరస్ దానితో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అంటే అది మనుషుల వైరస్ కానే కాదు, కెన్యా రోగికి చింపాంజీ వైరస్ సోకిందంతే. మనుషులకంటూ సొంత ఫోమీ వైరస్ ఇంతవరకూ దొరకలేదు. నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం ఇదే. కోతులకు, చింపాంజీలకు, గొరిల్లాలకు ఎవరి ఫోమీ వైరస్ వాళ్లకుంది. పిల్లులకు, ఆవులకు, గుర్రాలకు కూడా ఉంది. మనకి మాత్రం లేదు.

కోతిజాతులూ వాటి ఫోమీ వైరస్‌లూ కనీసం మూడు కోట్ల ఏళ్లుగా కలిసి పరిణామం చెందాయని 2005లో విలియం స్విట్జర్ బృందం చూపించింది. ఒక కోతి జాతి రెండుగా చీలితే దాని వైరస్ కూడా రెండుగా చీలింది. తర్వాత స్లాత్ అనే జంతువు డీఎన్ఏలో, సీలకాంత్ అనే పురాతన చేప డీఎన్ఏలో కూడా ఈ వైరస్ శిథిలాలు దొరకడంతో దీని వయసు ఇంకా వెనక్కి పోయింది. ఇంత పాత కాపురంలో రెండు పక్షాలూ రాజీకి వచ్చినట్టున్నాయి. బోనుల్లో పెంచే పెద్ద కోతుల్లో డెబ్భై నుంచి నూరు శాతం దాకా ఈ వైరస్ ఉంటుంది, అయినా వాటికి దానివల్ల ఏ జబ్బూ కనబడదు.

ప్రయోగశాల గిన్నెలో కణాలను నురగ కట్టించి చంపే వైరస్, కోతి ఒంట్లో ఎందుకు ఊరుకుంటోంది? దీనికి దొరికిన జవాబు చాలా ముచ్చటగా ఉంటుంది. కోతి ఒంట్లో ఏ అవయవం తీసి చూసినా ఈ వైరస్ డీఎన్ఏ ఉంటుంది, కానీ నిద్రపోతూ ఉంటుంది. వైరస్ లేచి పనిచేయాలంటే టాస్ అనే దాని సొంత ప్రొటీన్ తయారవ్వాలి, ఎక్కువ కణాల్లో అది తయారవ్వదు. కొత్త వైరస్‌లు పుట్టేది నోటి లోపలి పొరలో, అందులోనూ అన్నిటికంటే పైనున్న కణాల్లోనే. ఆ కణాలు ఎలాగూ త్వరలోనే రాలిపోయేవే. వాటిని చంపినా కోతికి నష్టం లేదు. వైరస్‌కి మాత్రం లాలాజలం నిండా పిల్లలు, కరిచినప్పుడు, నాకినప్పుడు ఇంకో కోతికి చేరే దారి.

దీని పని తీరులో ఇంకో విచిత్రం కూడా ఉంది. రెట్రోవైరస్‌లన్నీ తమ ఆర్‌ఎన్ఏని డీఎన్ఏగా మార్చుకుని మన డీఎన్ఏలో చొప్పిస్తాయి. హెచ్ఐవీ ఈ మార్పిడిని కొత్త కణంలోకి దూరాక చేసుకుంటుంది. ఫోమీ వైరస్ మాత్రం పాత కణం వదలకముందే ఆ పని చాలావరకు ముగించుకుని వస్తుంది. హెచ్ఐవీది చేలోకి దిగాక విత్తనం చల్లుకునే పద్ధతి అయితే, ఫోమీది ఆకుమడిలో ఆకు పెంచుకుని నేరుగా ఊడుపుకి వచ్చే పద్ధతి. అందుకే దీన్ని మందులతో ఆపాలన్నా పద్ధతి మారుతుంది. ఏజెడ్‌టీ లాంటి హెచ్ఐవీ మందు కొత్తగా సోకబోయే కణంలో ఉంటే చాలదు, వైరస్ తయారవుతున్న కణంలో ఉండాలి.

ఇక మొదటి ప్రశ్న. మనుషులకి సోకుతుందా? సోకుతుంది, ఇందులో అనుమానమేమీ లేదు. 1998లో అమెరికాలో వలీద్ హెనైన్ బృందం ప్రయోగశాలల్లో, జంతుప్రదర్శనశాలల్లో కోతులతో పనిచేసే 231 మందిని పరీక్షిస్తే నలుగురిలో ఈ వైరస్ దొరికింది. 2004లో కామెరూన్ అడవి పల్లెల్లో 1,099 మందిని చూస్తే పదిమందికి సోకిన ఆనవాళ్లున్నాయి, వాళ్లలో ముగ్గురిలో గుర్తించినవి గొరిల్లా, మాండ్రిల్, డీ బ్రాజా కోతుల వైరస్‌లు. తర్వాత కామెరూన్‌లో, గాబన్‌లో వేటగాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లో, గాయపడిన గొరిల్లా తిరగబడి కరిచిన వాళ్లలో ఇది చాలా ఎక్కువగా కనిపించింది. 

ఆసియా సంగతి వేరు. ఇక్కడ వేట కాదు, గుడి. 2005లో ఇండొనేషియాలోని బాలి దీవిలో సంగే అనే ఊరి కోతుల గుడి దగ్గర ఒక రైతుకి ఈ వైరస్ ఉన్నట్టు తేలింది. లీసా జోన్స్-ఎంగెల్ బృందమే 2008లో థాయిలాండ్, ఇండొనేషియా, నేపాల్, బంగ్లాదేశ్‌లలో 305 మందిని పరీక్షిస్తే ఎనిమిది మందికి ఉంది. గుడి దగ్గర పనిచేసేవాళ్లు, కోతుల్ని ఆడించేవాళ్లు, ఇంట్లో కోతిని పెంచుకునేవాళ్లు, ఇంటి చుట్టూ కోతులు తిరిగే మామూలు పల్లె జనం, వీళ్లు ఆ పరిశోధకులు రక్తం తీసుకున్నవాళ్లు. ఈ వర్ణన చదువుతుంటే మనవైపు కొండగుళ్లూ, ఆ మెట్ల పక్కన శనగలు అమ్ముకునేవాళ్లూ గుర్తుకు రాక మానరు.

మూడో ప్రశ్నకి ముందు వెళ్తాను, అది తేలిక కనుక. మనిషి నుంచి మనిషికి పాకినట్టు ఇంతవరకూ ఒక్క ఉదాహరణ కూడా నమోదు కాలేదు. సోకినవాళ్ల భార్యల్ని, ఇంట్లోవాళ్లని పరీక్షించి చూశారు. అమెరికాలో కోతులతో పనిచేసే ఒకాయనకి వైరస్ ఉందని తెలిసేసరికే ఆయన రక్తదానాలు చేసేసి ఉన్నాడు. ఆ రక్తం ఎక్కించుకున్న వాళ్లలో దొరికినవాళ్లని పిలిచి పరీక్షిస్తే ఎవరికీ లేదు. అయితే కోతి రక్తాన్ని ఇంకో కోతికి ఎక్కించిన ప్రయోగంలో మాత్రం వైరస్ పాకింది. అందుకే రక్తదానం విషయంలో శాస్త్రవేత్తలు దీన్ని పూర్తిగా కొట్టిపారేయరు.

మనుషుల దగ్గర ఎందుకు ఆగిపోతోందన్నదానికి మంచి ఆధారం 2013లో వచ్చింది. సోకిన వేటగాళ్ల రక్తంలో, లాలాజలంలో వైరస్ డీఎన్ఏ ఉంది కానీ, వైరస్ చురుగ్గా పెరుగుతున్నట్టు చెప్పే ఆర్‌ఎన్ఏ మాత్రం లేదు. కోతి నోట్లో లేచి పనిచేసే వైరస్ మనిషి నోట్లో నిద్ర లేవడం లేదు. లేవకపోతే బయటికి వచ్చే దారే లేదు. దానికి తోడు, గొరిల్లా వైరస్ సోకిన మనుషుల్లో ఆ వైరస్‌ని గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు పుష్కలంగా తయారవుతున్నాయని ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2018లో చూపించారు. ఇంకో సంగతి, పెరగని వైరస్ మారదు కూడా. చింపాంజీ వైరస్ ఒకటి గత శతాబ్దం మొదట్లో మనుషుల్లోకి వచ్చి హెచ్ఐవీగా మారగలిగిందంటే, అది రోజూ కోట్లలో పెరుగుతూ, పెరిగిన ప్రతిసారీ తప్పులు చేస్తూ కొత్త రూపాలు వెతుక్కుంది కాబట్టే. ఫోమీ వైరస్‌కి మనిషి ఒంట్లో ఆ అవకాశం దొరకడం లేదు.

మిగిలింది రెండో ప్రశ్న, అసలు చిక్కు అంతా ఇక్కడే. జబ్బు చేస్తుందా? సోకిన వాళ్లలో ఫలానా జబ్బు దీనివల్లే వచ్చిందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. కానీ ఎక్కడ వెతికారన్నది కూడా చూడాలి. తొలినాళ్లలో పరీక్షించినవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్న ఆరోగ్యవంతులు, అడవికి వేటకి వెళ్లగలిగినంత బలమున్నవాళ్లు. మంచం పట్టినవాడు ఆ లెక్కలోకి రాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే ఎంచుకుని వెతికి, అందరూ ఆరోగ్యంగానే ఉన్నారంటే సరిపోదు కదా.

అందుకే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన ఫ్లోరెన్స్ బ్యూసేన్, ఆంటోన్ జెస్సాన్ బృందం కామెరూన్‌లో పద్ధతి మార్చింది. గొరిల్లా ఫోమీ వైరస్ సోకిన 24 మందిని, అదే వయసూ అలాంటి ఊళ్లే అయి వైరస్ లేని 24 మందినీ పక్కపక్కన పెట్టి రక్తపరీక్షలు చేసింది. 2018లో ఫలితాలు వచ్చాయి. సోకినవాళ్లలో హిమోగ్లోబిన్ తక్కువ. కిడ్నీ పనితీరు చెప్పే యూరియా, క్రియాటినిన్, ఇంకా కండరాల ఎంజైములు కొంచెం ఎక్కువ. మంచాన పడేసేంత తేడాలు కావు, కానీ తేడాలున్నాయి. అయితే వైరస్ వల్లే వచ్చాయా, గొరిల్లా కాటు తిన్న మనిషి జీవితంలో ఉండే మరేదైనా కారణమా అన్నది 48 మందితో తేలదు. అదే రోజుల్లో పిల్లులకి వాటి ఫోమీ వైరస్ ఎక్కించి చూసిన ప్రయోగంలో కూడా, పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లుల కిడ్నీల్లో సూక్ష్మమైన మార్పులు కనబడ్డాయి.

క్రియాటినిన్ అన్న మాట ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ప్రతి ఇంటికీ తెలుసు. ఇక్కడ కిడ్నీ జబ్బు ఉంది, కోతులూ ఉన్నాయి, కోతి వైరస్‌కీ క్రియాటినిన్‌కీ ఏదో సంబంధముందని ఒక పరిశోధన అంటోంది. ఈ మూడింటికీ ముడిపెట్టి రేపు ఎవరో ఒకరు వీడియో చేస్తారు. అలా ముడిపెట్టడానికి ఏ ఆధారమూ లేదు. రీసస్ కోతులు ఉత్తర భారతమంతా, కాశీ బృందావనాల గుళ్ల నిండా ఉన్నాయి. కోతి వైరస్సే కారణమైతే ఉద్దానం లాంటి జబ్బు ఆ ఊళ్లన్నిటా కనబడాలి. పైగా ఇదే తరహా కిడ్నీ జబ్బు శ్రీలంక వరి పొలాల్లో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కనిపిస్తోంది. అందుకే పరిశోధకులు ఎండలో చెమటోడ్చే పని, ఒంట్లో నీరు తగ్గడం, తాగునీటిలోని లోహాలు, సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వారసత్వం వైపు చూస్తున్నారు. ఇప్పటికే నీళ్ల మీద, ఉప్పు మీద, ఆఖరికి కొబ్బరి మీద కూడా అనుమానాలు విని విసిగిపోయిన జనానికి ఇంకో దొంగ కారణం చూపించడం న్యాయం కాదు.

నిజంగా జాగ్రత్తగా చూడాల్సిన గుంపు వేరే ఉంది. రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లు. కోతులకు ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఎస్ఐవీ ఎక్కించినప్పుడు, నోట్లో మాత్రమే పెరిగే ఫోమీ వైరస్ పేగుల్లో కూడా పెరగడం మొదలుపెట్టింది. ముందే ఫోమీ వైరస్ ఉన్న రీసస్ కోతుల్లో ఎస్ఐవీ జబ్బు వేగంగా ముదిరిందని 2013లో ఇంకో అధ్యయనం చెప్పింది. హెచ్ఐవీ, ఫోమీ రెండూ ఉన్న మనుషులు ఆఫ్రికాలో కొందరు దొరికారు కానీ, వాళ్ల సంఖ్య చాలా తక్కువ. ఈ ప్రశ్నకి జవాబు రావాలంటే ఇలాంటివాళ్లని ఏళ్ల తరబడి గమనించాలి.

హెచ్ఐవీ మాట వచ్చింది కాబట్టి ఈ వైరస్ మనకి చేసిన ఒక మేలు కూడా చెప్పాలి. వైరస్ డీఎన్ఏని మన డీఎన్ఏలో చొప్పించే ఎంజైము పేరు ఇంటిగ్రేజ్. హెచ్ఐవీ ఇంటిగ్రేజ్‌ని డీఎన్ఏతో కలిపి స్ఫటికంగా మార్చి దాని ఆకారం చూడాలని శాస్త్రవేత్తలు ఏళ్లకేళ్లు తంటాలు పడ్డారు, అది లొంగలేదు. 2010లో లండన్‌లో పీటర్ చెరెపనోవ్ బృందం దాని బదులు ఫోమీ వైరస్ ఇంటిగ్రేజ్ తీసుకుంది. అది లొంగింది. రాల్టెగ్రావిర్ లాంటి హెచ్ఐవీ మందు అందులో సరిగ్గా ఎక్కడ ఇరుక్కుంటోందో అప్పుడు కంటికి కనబడింది. డొలూటెగ్రావిర్ అనే ఇంకో మందు ఎలా పట్టుకుంటుందో ఆ మరుసటి ఏడాది ఇదే పద్ధతిలో తేలింది. ఇవాళ హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో ఇచ్చే మూడు మందులు కలిసిన మాత్రలో ఈ డొలూటెగ్రావిర్ ఉంటుంది. ఆ మందు పుట్టింది ఫోమీ వైరస్ వల్ల అనకూడదు, అది అప్పటికే తయారీలో ఉంది. అది ఎలా పనిచేస్తుందో, వైరస్ దానికి ఎందుకు తేలిగ్గా లొంగుతుందో చూపించింది మాత్రం ఫోమీ వైరస్సే. జబ్బు చేస్తుందని రుజువు లేకపోవడం వల్ల దీన్ని జన్యుచికిత్సకి వాహనంగా కూడా వాడి చూస్తున్నారు, కుక్కల్లో పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాల్ని దీంతో సరిచేయగలిగారు.

పిల్లిని, ఆవుని పెంచుకునేవాళ్లు భయపడాల్సిన పని లేదు. వాటి ఫోమీ వైరస్‌లు మనుషులకి సోకినట్టు నిర్ధారణ కాలేదు.

కోతి కరిచినవాళ్లు ఫోమీ వైరస్ పరీక్ష కోసం ఎక్కడా తిరగనక్కర్లేదు. అది పరిశోధనశాలల్లో చేసే పరీక్ష, ఫలితం తెలిసినా ఇవ్వడానికి మందంటూ లేదు. కోతికాటులో ప్రాణాల మీదికి తెచ్చేది రేబిస్. ఆ తర్వాత ధనుర్వాతం. ఆసియా కోతుల్లో ఉండే హెర్పిస్ బి అనే ఇంకో వైరస్ మనుషులకి సోకడం చాలా అరుదు కానీ, సోకితే మెదడుకి ప్రమాదం. వీటన్నిటికీ మొదటి మందు ఒకటే: పసుపు, కారం, పసరు ఏదీ పెట్టకుండా, గాయాన్ని ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. రక్తం వచ్చిన కాటయితే రేబిస్ టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా వేయాలి, పీహెచ్‌సీలో లేకపోతే పెద్దాసుపత్రికి అదే రోజు వెళ్లాలి. గీరుకున్నా అశ్రద్ధ చేయకూడదు. చర్మంలో వేసే పద్ధతిలో టీకా రోజులు 0, 3, 7, 28. మొదటి మూడూ వేయించుకుని, పుండు మానింది కదా అని నాలుగోదానికి వెళ్లనివాళ్లు చాలామంది ఉంటారు. 28వ రోజు డోసుని కూడా లెక్కలో ఉంచుకోండి.